నాన్న రోడ్‌కింగ్‌కి వెల కట్టిన అనుభవం

మా నాన్న యెజ్డీ రోడ్‌కింగ్ మోటారు సైకిలుకి మొదటి వారంలోనే మూడు ధరలు వినపడ్డాయి. పాత ఇనప సామాన్లు కొనే అతను కిలో ముప్పై అన్నాడు. బండి బరువు సుమారు 140 కిలోలు, అంటే 4,200. మాకు వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన "పదిహేను వేలిస్తానమ్మాయ్, రేపే ట్రాలీ ఆటో పంపిస్తా" అన్నాడు. హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోన్లో ఒక ఫొటో పంపాడు. అదే మోడలు, బెంగళూరులో ఎవరో అమ్మకానికి పెట్టింది, 1,60,000. అమ్మ దగ్గర ఉండేది నేను కాబట్టి, ఈ మూడింట్లో ఏది నిజమో తేల్చే పని నా మీద పడింది.

అమ్మేద్దామని కాదు. పంపకం కోసం. నాన్న వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ పిల్లలకీ సమాన వాటా, అది పొలమైనా బండైనా. ఇల్లూ పొలమూ సంగతి మాట్లాడుకోవడం అయిపోయింది. బండి తనకు కావాలని తమ్ముడు అడిగాడు. "తీసుకోరా, వద్దని ఎవరన్నారు? కాకపోతే విలువ రాసి తీసుకో" అంది పెద్దక్క. ఆ మాట కొందరు చుట్టాలకు కటువుగా వినిపించింది. నాకు మాత్రం అదే సరైన మాట అనిపించింది. వెల రాయకుండా తీసుకున్న వస్తువు గురించి పదేళ్ళ తర్వాత పెళ్ళిళ్ళలో మాటలొస్తాయి.

బండి 1984 నాటిది. నాన్న పశువైద్య శాఖలో పనిచేసేవారు. దివిసీమలో కాలవగట్ల మీద, వానాకాలం నల్లరేగడి బురదలో, వెనక సీటుకి మందుల పెట్టె కట్టుకుని ఊరూరూ తిరిగింది ఈ బండి మీదే. 2009లో రిజిస్ట్రేషన్ గడువు తీరింది. అప్పటికే ఆయనకు మోకాళ్ళ నొప్పులు, కిక్కు కొట్టడం కష్టమైంది. బండిని పాక పక్క రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. సముద్రం దగ్గరి ఊరు కదా, ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. సైలెన్సర్ల మీద క్రోమియం పొక్కులు పొక్కులుగా లేచింది, చువ్వలు ఎర్రబారాయి, సీటులో ఎలకలు గూడు పెట్టాయి. బ్యాటరీ పగిలి ఆసిడ్ కారినచోట చట్రం రంగు ఊడిపోయింది.

తమ్ముడు వచ్చీ రాగానే కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గు తెచ్చి స్టార్ట్ చేద్దామన్నాడు. స్టార్ట్ అయితే ధర పెరుగుతుందని వాడి ఆలోచన. అదృష్టంకొద్దీ ముందు మేస్త్రికి ఫోన్ చేశాం. విజయవాడ ఆటోనగర్‌లో జావా, యెజ్డీ బళ్ళు చేస్తూ తల నెరిసిన మనిషి ఆయన. "కిక్కు మీద కాలు వెయ్యకండమ్మా, నేనొచ్చేదాకా టార్పాలిన్ కూడా కదపొద్దు" అన్నారు.

ఎందుకో ఆయన వచ్చాక అర్థమైంది. ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజిన్. అందులో పెట్రోలూ ఆయిలూ కలిసి ముందు క్రాంకు (పిస్టన్ ఊపుతో తిరిగే ఇరుసు) ఉన్న అరలోకే వస్తాయి. క్రాంకు బేరింగులకు తడి ఇచ్చేది ఆ ఆయిలే. ఏళ్ళ తరబడి బండి ఆగిపోతే పెట్రోలు ఆవిరై, ఆయిలు జిగురు కట్టి, తేమ చేరి బేరింగులకు తుప్పు పడుతుంది. క్రాంకుకి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్ళు బిరుసెక్కి బీటలిస్తాయి. అలాంటి ఇంజిన్ని బలవంతంగా తిప్పితే పిస్టన్ రింగు వెళ్ళి బోరు (పిస్టన్ ఆడే గొట్టం) గోడలోని కంతకు తగులుకుని విరగొచ్చు. ఒకవేళ స్టార్ట్ అయినా, పగిలిన సీళ్ళలోంచి గాలి లాగి, మిశ్రమం పలచనై, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి షెడ్డులోంచి తీసిన టూ స్ట్రోక్ బండి "స్టార్ట్ అయింది" అని ఎవరైనా చెబితే అది ధర పెంచే మాట కాదు. లోపల ఇంజిన్ విప్పి చూశారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

మేస్త్రి ఇంజిన్ జోలికి ముందు వెళ్ళలేదు. నంబర్లు చూద్దామన్నారు. "ఇంజిన్ పోతే ఇంజిన్ చేస్తాం. నంబరు పోతే నేనేం చెయ్యలేనమ్మా." హ్యాండిల్ కింద మెడ దగ్గర చాసిస్ (చట్రం) నంబరు తుప్పూ గ్రీజూ కింద కనపడకుండా పోయింది. తీగ బ్రష్షుతో గీకుదామని తమ్ముడు వంగాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. గీకితే అంకెల లోతు తగ్గుతుంది, తర్వాత రవాణా ఆఫీసులో చూసేవాళ్ళకు దిద్దినట్టు అనుమానం వస్తుంది. కిరసనాయిలు గుడ్డ చుట్టి, నానబెట్టి, మళ్ళీ తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఇంజిన్ నంబరు తేలిగ్గానే కనపడింది. రెండూ ఆర్సీ పుస్తకంలో ఉన్నవాటితో సరిపోయాయి. ఆ ఒక్క సంగతితో బాబాయ్ గారి పదిహేను వేలు లెక్కలోంచి పోయాయి అన్నారు మేస్త్రి. ఇంజిన్ మార్చిన బళ్ళు ఆయన చాలా చూశారట. బయటికి మెరుస్తుంటాయి, కాగితంలో ఒక నంబరు, ఇంజిన్ కేసింగ్ (పై తొడుగు) మీద ఇంకో నంబరు.

ఆర్సీ పుస్తకం దొరకడం మా భాగ్యం. నాన్న ట్రంకు పెట్టెలో, జీపీఎఫ్ కాగితాల కింద, టాక్సు రసీదులతో సహా ఉంది. పాత చిన్న పుస్తకం, ఇప్పటి కార్డు కాదు. నంబరు 1989కి ముందు పద్ధతిది, మూడు ఇంగ్లీషు అక్షరాలూ నాలుగు అంకెలూ. ఆ పాత నంబరు పలక కోసమే బండి కొనేవాళ్ళున్నారని తర్వాత తెలిసింది.

తర్వాత పిస్టన్. కిక్కు చేత్తో నొక్కితే కదల్లేదు. (యెజ్డీలో కిక్కూ గేరూ ఒకటే లివరు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది.) ప్లగ్గు విప్పి ఆ కంతలోంచి డీజిలూ టూటీ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే) ఆయిలూ కలిపి పోసి వదిలేశాం. కొన్నాళ్ళ తర్వాత నాలుగో గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతుంటే మెల్లగా వదిలింది. హెడ్ విప్పి చూస్తే బోరులో ఒకచోట తుప్పు గీత, పిస్టన్ నెత్తిమీద 0.50 అని అచ్చు, అసలు కొలత కన్నా అర మిల్లీమీటరు పెద్దదని. అంటే నాన్న హయాంలో ఎప్పుడో బోరు చేయించారు (గొట్టం లోపల అరగదీసి పెద్ద పిస్టన్ వేయించారు), ఇంకా చేయించుకోవడానికి గోడలో మందం మిగిలే ఉంది. కనెక్టింగ్ రాడ్ పైకీ కిందకీ చప్పుడు చేసింది కాబట్టి క్రాంకు విప్పక తప్పదు. కేసింగ్‌లో పగుళ్ళు లేవు, వెల్డింగ్ మచ్చలు లేవు. మేస్త్రి అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది కేసింగునే. బేరింగులు కొనుక్కోవచ్చు, నంబరున్న కేసింగు కొనుక్కోలేం.

ఇక్కడ కంపెనీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ధర దానిమీద కూడా ఉంది. మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో జావా బళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత యెజ్డీ పేరుతో చేసింది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో యెజ్డీ పేరు మళ్ళీ రోడ్డెక్కింది గానీ అది 334 సీసీ ఫోర్ స్ట్రోక్, రేడియేటర్ ఉన్న బండి. దాని సామాను మన 250 సీసీ టూ స్ట్రోక్‌కి పనికిరాదు. అందుకని పాత బండికి పిస్టన్లు, సీళ్ళు, కేబుళ్ళు, క్లచ్ ప్లేట్లు వేరేవాళ్ళు చేసినవి దొరుకుతాయి, బెంగళూరు జేసీ రోడ్డులో అడిగితే తెప్పిస్తారు. అరుదైనవి అసలు రేకు భాగాలు. ట్యాంకు, మడ్‌గార్డులు, టూల్‌బాక్సు మూతలు, అప్పటి సైలెన్సర్లు. కొత్తగా చేసి అమ్ముతున్న సైలెన్సర్లు పల్చటి రేకువి, శబ్దం కూడా తేడాగా ఉంటుందని మేస్త్రి చేత్తో కొట్టి చూపించారు. మా బండికి ఇవన్నీ ఉన్నాయి, తుప్పుతో సహా. ట్యాంకు మీద కంపెనీ వేసిన నలుపే ఉంది, మళ్ళీ ఎవరూ రంగు కొట్టలేదు.

రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. మొత్తం గీకి, కొత్త పెయింట్ కొట్టి, అన్నిటికీ క్రోమ్ చేయించి అమ్మితే ధర వస్తుందని చాలామంది చెప్పారు. ఆ ఖర్చంతా అమ్మేటప్పుడు తిరిగి రాదు. పైగా అసలు రంగు ఒకసారి పోతే పోయినట్టే. బళ్ళు తెలిసి కొనేవాళ్ళు మెరుపు కింద ఏం దాచారో అని ముందు అనుమానిస్తారు. నలభై ఏళ్ళ రంగు పలచబడి ఉంటే, ఈ బండిని ఎవరూ కెలకలేదని వాళ్ళకు నమ్మకం. మేము ట్యాంకు బయట సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఊరుకున్నాం.

కాగితాల పని వేరే. చట్టం ప్రకారం సొంతదారు పోతే వారసులు ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకి దరఖాస్తు చెయ్యాలి. డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదనే అఫిడవిట్లు కావాలి. ఇది తెలిసినవాళ్ళు తక్కువ. కర్మకాండల నెలల్లో షెడ్డులోని బండి ఎవరికి గుర్తుంటుంది? అందుకే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండి అయితే దాన్ని మళ్ళీ చేయించాలి. ఫారం 25, బండిని తీసుకెళ్ళి చూపించడం, అయిదేళ్ళకు రెన్యువల్. ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకి ఈ రుసుము 2025 ఆగస్టులో 2,000 చేశారు. ఆలస్యమైతే అదనపు రుసుము కూడా ఉంటుంది, దానిమీద పాత బళ్ళకు వేసే గ్రీన్ టాక్సు. మేము వెళ్ళిన ఆఫీసులో కంప్యూటర్లో నంబరు కొడితే ఏమీ రాలేదు. పాత రిజిస్టర్లు పూర్తిగా ఎక్కించలేదట. పుస్తకం అసలు కాపీ చూపించి, పాత రికార్డు తీయించి, ముందు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. పుస్తకం లేకపోతే ఇక్కడితో కథ ఆగిపోయేది. కాగితాలున్న తుప్పు బండికీ, కాగితాల్లేని నిగనిగలాడే బండికీ మధ్య నన్ను ఎంచుకోమంటే క్షణం కూడా ఆలోచించను. రెండోదాన్ని రోడ్డు మీద నడపలేరు, ఇంకొకరి పేరున రాయలేరు. దాని విలువ విడిభాగాల విలువే.

తమ్ముడు "వింటేజ్ బండి" అని మాటిమాటికీ అనేవాడు. ఆ మాటకు చట్టంలో అర్థం ఉంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటాలి, బండి రూపురేఖలు పెద్దగా మార్చి ఉండకూడదు. మా బండికి ఆ యోగం 2034లో. పైగా వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి వాడుకోకూడదు. కాబట్టి ఆ పేరు మీద ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కలపనన్నాను. ఇంకోవైపు, "పదిహేనేళ్ళు దాటితే తుక్కే కదా" అన్న చుట్టాలకూ జవాబు చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్ళ పెట్రోలు బండి తిరగకూడదన్నది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి వచ్చిన ఆంక్ష. మన దగ్గర సొంత బండి తనిఖీలో నెగ్గితే అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవచ్చు. తుక్కుకి ఇవ్వదలచుకున్నా ఊరికే తూకం వేసి పంపెయ్యకూడదు. బండి ఇక పనికిరాదని పద్నాలుగు రోజుల్లో తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేకపోతే నాన్న పేరుతో ఉన్న నంబరు, చాసిస్ ముక్క ఎవరి చేతికి పోతాయో తెలియదు.

ఇక లెక్క. ముందు పై మెట్టు కావాలి, అంటే ఇదే మోడలు, చక్కగా నడుస్తూ, చెల్లే కాగితాలతో ఎంతకు పోతోంది? అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగే ధరల్ని నేను పక్కన పెట్టాను. లక్షా అరవై వేలు అడుగుతున్న ఆ బెంగళూరు బండి మేము చూస్తున్నన్నాళ్ళూ అలాగే ఉంది, ఎవరూ కొనలేదు. నిజంగా చేతులు మారిన ధర కావాలి. మేస్త్రి తన చేతిమీదుగా పోయిన బళ్ళు చెప్పారు, గుంటూరులో పాత బళ్ళు పోగుచేసే ఒకాయన తాను కొన్నవి చెప్పారు. ఆర్భాటం లేకుండా నడిచే రోడ్‌కింగ్‌లు ఎనభై అయిదు వేల నుంచి లక్ష మధ్య పోయాయి. నేను తొంభై వేలు వేసుకున్నాను.

దానిలోంచి, మా బండిని ఆ స్థితికి తెచ్చే ఖర్చు తీసెయ్యాలి. క్రాంకు, బేరింగులు, బోరు, పిస్టన్, సీళ్ళు, క్లచ్ ప్లేట్లు కలిపి పదిహేడు వేలు. వైరింగు, బ్యాటరీ, కార్బొరేటర్ ఆరు వేలు. టైర్లు, చువ్వలు, చైను, బ్రేకు లైనింగులు, కేబుళ్ళు తొమ్మిది. ట్యాంకు లోపల తుప్పు తీయించడం, సైలెన్సర్లు అతికించడం, సీటు ఎనిమిది. మేస్త్రి కూలి ఎనిమిది. మొత్తం నలభై ఎనిమిది. ఆఫీసు ఖర్చులు ఆరు వేలని మా అంచనా. తొంభైలోంచి యాభై నాలుగు పోతే ముప్పై ఆరు. విప్పితే తప్ప తెలియనివి గేరుబాక్సులో ఉంటాయి కదా, దానికి ఇంకో నాలుగు వేలు తగ్గించమన్నారు మేస్త్రి. ముప్పై రెండు వేలు.

పైనుంచి వచ్చిన అంకెను కిందనుంచి కూడా సరిచూశాను. బండిని ముక్కలుగా అమ్మితే, నంబరున్న ఇంజిన్, ట్యాంకు, మడ్‌గార్డులు, చక్రాలు, సైలెన్సర్లు, స్పీడోమీటరు, ఒక్కోదానికి ఎంతొస్తుందో మేస్త్రిని అడిగి రాసుకుంటే ఇరవై మూడు వేల దగ్గర ఆగింది. అంటే అంతకన్నా తక్కువకు ఇస్తే మోసపోయినట్టే. గుంటూరాయనకు తుప్పుతో సహా ఫొటోలు, పెన్సిల్ ముద్ర, ఆర్సీ పుస్తకం పేజీలు పంపి ఎంతిస్తారని అడిగాను. అమ్మనని ముందే చెప్పాను, ఆయన సమయం వృథా చెయ్యడం నాకిష్టం లేదు. "ఇవ్వాల్సి వస్తే ముప్పై ఇస్తానండీ, ట్యాంకుకి రంగు మాత్రం కొట్టించొద్దు" అన్నారు.

ఈ కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు తమ్ముడికి కోపం వచ్చింది. "నాన్న బండికి ముప్పై రెండు వేలా చిన్నక్కా?" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. పదో తరగతి పరీక్షలకు వాణ్ణి రోజూ దింపింది ఈ బండి మీదే. కానీ ఆ జ్ఞాపకానికి వెల కట్టి, దాన్ని మళ్ళీ వాడి దగ్గరే వసూలు చేస్తే అదేం న్యాయం? జ్ఞాపకం నలుగురిదీ. దాన్ని వాడు కొనుక్కోనక్కర్లేదు, మేము అమ్ముకోనక్కర్లేదు. వాడు కొనేది ఇనుము, కాగితం, నంబరు. వాటి ధర బయటివాడు ఎవరైనా ఒప్పుకునేదిగా ఉండాలి. పెద్దక్కకూ ఇదే చెప్పాను, ఆమె మనసులో లక్షా అరవై వేల ఫొటో ఇంకా ఉంది. పద్దులన్నీ వరసగా చదివాక, మేస్త్రిని ఫోన్లో రెండు ప్రశ్నలడిగి, ఒప్పుకుంది.

నాలుగు వాటాలు, తలా ఎనిమిది వేలు. అమ్మ తన వాటా వద్దంది. వద్దనడం ఆమె ఇష్టం, కానీ రాసిన కాగితంలో ఆమె వాటా ఉండాలని నేను పట్టుబట్టాను. ఉంది. పెద్దక్క అడిగిన షరతు ఒకటి చేర్చాం. అయిదేళ్ళలోపు తమ్ముడు బండి అమ్మితే, పెట్టిన ఖర్చులు రసీదుల ప్రకారం మినహాయించుకుని, ముప్పై రెండు వేల పైన మిగిలింది నలుగురికీ పంచాలి. తమ్ముడు సంతోషంగా సంతకం పెట్టాడు, అమ్మే ఉద్దేశం వాడికి లేదు కనుక.

అఫిడవిట్లు అయ్యాయి, ఫారం 31 గడువులోనే ఇచ్చాం. పాత రికార్డు కంప్యూటర్లోకి ఎక్కింది. ఇంజిన్ ఆటోనగర్‌లో విప్పి ఉంది. గేరుబాక్సులో రెండో గేరు పళ్ళు అరిగాయని మేస్త్రి నిన్ననే ఫోన్ చేశారు, పక్కన పెట్టిన నాలుగు వేలలో మూడు వేలు దానికే పోతాయట.